అందరూ కుడివైపే తిప్పారు

2021. రెండో విడత లాక్‌డౌన్ సడలించిన కొత్త. రాయచూరు బజారులో దుకాణాలు సగం తలుపులు తెరిచి, సగం మూసి నడుస్తున్నాయి. మా తమ్ముడి స్టీలు సామాన్ల కొట్టు మీద ఉన్న గదిలో కూర్చుని నేను ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. విద్యార్థులు డి.ఎడ్. చదువుతున్నవాళ్లు, అంటే రేపు ప్రాథమిక పాఠశాలల్లో టీచర్లు కాబోయేవాళ్లు. పాఠం ప్రోగ్రామింగ్ ఓనమాలు.

నా అసలు వృత్తి ఇది కాదు. ఒక తెలుగు దినపత్రికలో ఏళ్ల తరబడి డెస్క్ మీద పనిచేశాను. పేజీలు కంప్యూటర్ మీదకు మారిన రోజుల్లో, రోజూ చేసే చాకిరీ కొంత తగ్గుతుందని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఉద్యోగం విరమించి సొంత ఊరు చేరాక, ఊళ్లోని ఒక ప్రైవేటు శిక్షణ కళాశాల విద్యార్థులకు పాఠాలు చెప్పమని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు అడిగారు. ఖాళీగా ఉన్నాను కనుక ఒప్పుకున్నాను.

ప్రోగ్రామింగ్ అంటే యంత్రానికి పనిని ఒక్కో అడుగుగా విడగొట్టి చెప్పడం. మేం చెప్పింది బ్లాక్ కోడింగ్. ఇందులో టైపు చేసే పని ఉండదు. ‘ముందుకు నడువు’, ‘కుడికి తిరుగు’ అని రాసి ఉన్న రంగు దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి పేరిస్తే తెర మీది బొమ్మ ఆ ప్రకారం కదులుతుంది. ఆ బొమ్మను స్ప్రైట్ అంటారు. పాఠాల్లో నేను వాడిన స్ప్రైట్ ఒక బాణం గుర్తు. అది ఎటు చూస్తోందో ఎవరికైనా తెలుస్తుంది.

మాది కర్ణాటక సరిహద్దు ఊరు కనుక తరగతి భాష కన్నడం. తరగతి ముగిశాక సందేహాలు మాత్రం తెలుగులో వచ్చేవి. అసలు సందేహాలు రావడమే తక్కువ. కెమెరాలన్నీ ఆపి ఉండేవి. ‘అర్థమైందా?’ అని అడిగితే నలభై చోట్ల నుంచి ‘ఎస్ సార్’ అని రాసి పంపేవాళ్లు. వార్త పంపిన విలేకరి మొహం చూడకుండా వార్త నిజమో కాదో తేల్చుకోవడం నాకు అలవాటే. కానీ నల్లటి చతురస్రాలకు పాఠం చెప్పడం అంతకంటే గుబులుగా ఉండేది. ఎవరికి ఎక్కిందో, ఎవరు ఫోన్ అక్కడ పెట్టి గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లారో తెలిసేది కాదు.

మైకు తెరిచి మాట్లాడే అమ్మాయి ఒకతే. పేరు మహేశ్వరి. ఊరు ఇడపనూరు. ఇంట్లో కొంచెం మెట్టభూమి, తండ్రికి థర్మల్ కేంద్రంలో బొగ్గు వ్యాగన్లు ఖాళీ చేసే కాంట్రాక్టు కూలి. ఇంటికంతటికీ ఒకే పెద్ద ఫోను. తండ్రి పగటి డ్యూటీకి పోయేటప్పుడు దాన్ని ఆమెకు వదిలి, తాను బటన్ల ఫోను పట్టుకుపోయేవాడు.

“మా నాయిన కరెంటు పుట్టే కాడ పన్జేస్తడు సార్. మా ఇంట్ల మటుకు కరెంటుండదు. ఫోను ఆరిపోతే తిట్టకుండ్రి,” అని మొదటి రోజే చెప్పింది. మిగతావాళ్లు సందేహాలు నన్ను కాదు, ఆమెను అడిగేవాళ్లు. వాట్సాప్ గ్రూపులో ఆమె వాయిస్ మెసేజ్‌లు పెట్టి విడమరచేది. కొన్నిసార్లు నాకంటే బాగా చెప్పేది.

పరీక్ష దగ్గర పడింది. చాలామంది ఫోన్లలో కోడింగ్ యాప్ నడవదు. అందుకని ఒక వీధి బొమ్మ పంపి, దిమ్మెల వరుసను తెల్ల కాగితం మీద రాసి ఫోటో తీసి పంపమన్నాం. అంటే వాళ్లు రాసింది నడిపి చూసుకునే వీలు లేదు. ప్రశ్నలు తయారుచేసింది ఆ స్వచ్ఛంద సంస్థకు బెంగళూరులో ఉన్న ఇద్దరు ఇంజనీర్లు. టీచర్లకు నచ్చుతుందని బాణం తీసేసి, రెండు జడల బడిపిల్ల బొమ్మ పెట్టారు.

వీధి తిన్నగా పైనుంచి కిందికి ఉంటుంది. మధ్యలో అడ్డదారి. అడ్డదారికి మన ఎడమ చేతి వైపు బడి. మొదటి ప్రశ్నలో పిల్ల వీధి పై చివర ఉన్న కొట్టు దగ్గర మొదలై కిందికి, అంటే మన వైపుకు నడిచి వచ్చి, అడ్డదారిలో బడి వైపు తిరగాలి. మన వైపు వచ్చేవాళ్లకు కుడీ ఎడమా మనకు తిరగబడి ఉంటాయి కనుక ఇది కష్టమైన ప్రశ్న. జవాబు ‘కుడికి తిరుగు’. రెండో ప్రశ్నలో పిల్ల కింద ఉన్న ఇంటి నుంచి పైకి నడిచి అదే బడికి తిరగాలి. మనం నడిచినట్టే నడుస్తుంది, మన ఎడమే ఆమె ఎడమ. జవాబు ‘ఎడమకు తిరుగు’. ఇది అందరికీ వస్తుందని ఇచ్చిన ప్రశ్న.

జవాబు కాగితాల ఫోటోలు వరుసగా రాసాగాయి. మొదటి పది చూసేసరికి సంతోషం కలిగింది. కష్టమైన ప్రశ్న అందరూ సరిగ్గా రాశారు. తర్వాత రెండో ప్రశ్న జవాబులు చూశాను. పదిమందీ ‘కుడి’ అనే రాశారు. ఇరవై చూశాను, ముప్ఫై చూశాను. అందరిదీ కుడే. మొత్తం బ్యాచ్‌లో ‘ఎడమ’ అని రాసింది వీరేశ్ అనే కుర్రాడు ఒక్కడే.

కష్టమైనది అందరికీ వచ్చింది. తేలికైనది ఒక్కడు తప్ప అందరూ ఒకేలా తప్పారు. రెండు పత్రికల్లో ఒకే అచ్చుతప్పు కనిపిస్తే డెస్క్ మీద మేం ఒకటే అనుకునేవాళ్లం. ఒకరిది చూసి ఇంకొకరు వేసుకున్నారని. ఇక్కడా అదే అనిపించింది.

కళాశాల ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారికి నేను చెప్పకముందే తెలిసింది. నేను దిద్దిన తప్పొప్పుల పట్టిక ఆమెకూ వెళుతుంది, అందులో జవాబులు ఉండవు. ఆమెది సింధనూరు కాలువ కింద ఆంధ్ర రైతులు వచ్చి కట్టుకున్న క్యాంపు. తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చినా ఆ యాస అలాగే ఉంది. ముప్ఫై ఏళ్లుగా టీచర్లను తయారుచేస్తున్న మనిషి.

“చూశారాండీ మన పిల్లల నిర్వాకం?” అన్నారు ఫోన్‌లో. “ఒకళ్లు తప్పు రాసి పంపడం, మిగతావాళ్లు కళ్లు మూసుకుని దింపేయడం. ఆ వీరేశ్ ఒక్కడేనండీ నిజాయితీగా రాసింది. వాడెవరితోనూ కలవడు కదా.”

“దింపుకున్నారని ఖాయంగా చెప్పలేం మేడం.”

“ఇంకెలా ఖాయం అవ్వాలండీ? పరీక్ష మధ్యలో మహేశ్వరి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. రెండు నిమిషాల్లో తీసేసింది. ‘ఈ మెసేజ్ తొలగించారు’ అని నా ఫోన్‌లోనే ఉంది. జవాబు చెప్పకపోతే తీసెయ్యడం దేనికి?”

కళాశాల యాజమాన్య కార్యదర్శి నాగభూషణం గారితో సమావేశం పెడుతున్నామనీ, నన్నూ రమ్మనీ చెప్పారు. చూసి రాసినవాళ్లకు మందలింపు. జవాబు పంచినవాళ్లకు మాత్రం మాల్‌ప్రాక్టీస్ కింద ఆ ఏడాది పరీక్షలు రాయనివ్వరు.

మహేశ్వరికి ఏడాది పోతే అది ఒక్క ఏడాదితో ఆగదని నాకు తెలుసు. తండ్రి ఆమె చదువుకు ఒప్పుకున్నదే ఈ ఏటితో అయిపోతుందని. దేవదుర్గ తాలూకా జాలహళ్ళిలో అతిథి ఉపాధ్యాయురాలిగా తీసుకుంటామని ఒక హెడ్మాస్టరు మాట ఇచ్చాడట. డిప్లొమా చేతికి రాకపోతే ఆ చోటు ఇంకొకరిది అవుతుంది. కాపీ చేసి ఇంటికొచ్చిందన్న మాట ఇడపనూరులో ఎంత వేగంగా పాకుతుందో చెప్పనక్కర్లేదు.

ఆమెకు ఫోన్ చేశాను. విషయం అప్పటికే తెలిసింది.

“ఆ మెసేజ్‌లో ఏముందమ్మా?”

“జవాబు చెప్పలే సార్. మా నాయిన మీద ఒట్టు.”

“మరి ఏం చెప్పావు?”

ఎక్కడో కోడి అరుపు వినిపించింది.

“అది చెప్పరాదు సార్. చెప్తే ఇంకింత పరేషానైతది.”

“ఇంతకంటే ఏమవుతుంది?”

“మీకు తెల్వదు సార్,” అని పెట్టేసింది.

ఆమె నిజం చెబుతోందని నమ్మాలని ఉంది. నమ్మడానికి ఆధారం లేదు. నేను డెస్క్ మీద ఉన్న రోజుల్లో, నమ్మాలని ఉన్న వార్తనే రెండుసార్లు చూసుకోవాలని కొత్తవాళ్లకు చెప్పేవాణ్ణి. ఇప్పుడా మాట నాకే ఎదురు తిరిగింది.

మొదట భాషను అనుమానించాను. ప్రశ్నపత్రం కన్నడంలో ఉంది. అనువాదంలో కుడీ ఎడమా తారుమారయ్యాయేమో అని అక్షరం అక్షరం చూశాను. సరిగ్గానే ఉంది. బొమ్మ పంపడంలో తిరగబడిందా అని చూశాను. లేదు. తర్వాత జవాబు కాగితాలన్నీ మళ్లీ చదివాను. అప్పుడొక సంగతి గమనించాను. చూసి రాస్తే మాటలూ ఒకేలా ఉండాలి. ఇక్కడ అడుగుల లెక్కలు వేరు. కొందరు నడకకు లూప్ వాడారు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయమనే దిమ్మె. కొందరు వాడలేదు. తిరగడం ఒక్కటే అందరికీ కలిసింది. దొంగ ఎవరైనా అన్నీ వదిలేసి ఒక్క తప్పే ఎత్తుకుపోతాడా?

మర్నాడు ఆమెకు వీడియో కాల్ చేశాను. రెండో ప్రశ్న ఎలా చేశావో నాకు పాఠంలా చెప్పమన్నాను. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి, ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి నిలబెట్టింది. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి సాయన్న కాళ్లు కడుక్కుని, ఏమవుతోందో అని వెనకే పైకి వచ్చాడు. బొగ్గు నలుపు మెడ మడతల్లో ఇంకా ఉంది.

“నమస్కారం సారు. మా బిడ్డ తప్పు జేసిందా?”

“అది తెలుసుకుందామనే అడుగుతున్నాను సాయన్నా.”

“గా బొమ్మల పిల్ల మన దిక్కు మొకం బెట్టి ఉన్నది గద సార్,” అంది మహేశ్వరి. నోటితో చెబితే కుదరక తండ్రిని భుజాలు పట్టి తనకు ఎదురుగా నిలబెట్టింది. “నాయినా, నువ్వు బడిపిల్లవు.”

“నన్ను పిల్లనే జేసినవా? రెండు జడలు గూడ ఎయ్యి మరి.”

“నగకు నాయినా. నీ కుడి చెయ్యి ఎత్తు.”

సాయన్న కుడి చెయ్యి ఎత్తాడు. ఆ మాట అంటూనే ఆమె కూడా తన చెయ్యి ఎత్తింది. నాకు వాళ్లిద్దరూ పక్కనుంచి కనిపిస్తున్నారు. ఇద్దరి చేతులూ ఫోన్ వైపువే లేచాయి. ఆమె లేపిన చేతికి గడియారం ఉంది.

“మహేశ్వరీ, గడియారం నువ్వు ఏ చేతికి పెట్టుకుంటావు?”

“ఎడమకు సార్.”

“కుడి అంటూ ఎడమ చెయ్యి ఎత్తావేంటమ్మా?”

నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు నవ్వింది. అన్ని రోజుల తర్వాత ఆ నవ్వు వినడం అదే.

“తప్పు గాదు సార్. మాకు గట్లనే నేర్పిస్తరు. ప్రాక్టీస్ టీచింగుల మేం బడికి పోయి పాఠం చెప్తుంటే మేడం నిలవడి చూస్తరు. పిల్లలకు ఎదురుంగ ఉంటం గద, మనం కుడి ఎత్తితే వాళ్లు అద్దంల చూసినట్టు ఎడమ ఎత్తుతరు. అందుకే నోటితోని కుడి అని, మనం ఎడమ ఎత్తాలె. తప్పితే మార్కులు కోస్తరు. పిల్ల ఎదురుంగ ఉంటే తిరగేసుడే. ఇప్పుడు ఎవ్వరం ఆలోచించం సార్, చెయ్యి అదే లేస్తది.”

నేను తెర మీద ప్రశ్నపత్రం తెరిచాను. రెండు జడల పిల్ల. పైకి నడవాల్సిన ఆ పిల్ల మొహం మన వైపే ఉంది. రెండు ప్రశ్నల్లోనూ అదే బొమ్మ. ఇంజనీరు కంటికి అదొక గుర్తు, నడిచే దిక్కే దాని దిక్కు. వీళ్ల కంటికి అది ఎదురుగా నిలబడిన పిల్ల. పిల్ల మొహం కనబడితే కుడి ఎడమలు తిరగేయడం వీళ్ల పని. అందుకే కష్టమైన ప్రశ్న అందరికీ అలవోకగా వచ్చింది. తేలికైనది అందరూ అదే చేత్తో పోగొట్టుకున్నారు.

వీరేశ్‌కు ఫోన్ చేశాను. “ప్రాక్టీస్ టీచింగ్‌కు వెళ్లావా?” అని మాత్రమే అడిగాను.

“లేదు సార్, బండి మీదికెళ్లి పడి కాలు ఇరిగింది అప్పుడు. ఈ ఏడు చేయాలె. ఎందుకు సార్?”

కారణం దొరికింది. కానీ దొరకడం వేరు, నమ్మించడం వేరు. ఇదంతా నేనొక కథలా చెబితే, పిల్లను కాపాడటానికి సార్ ఏదో అల్లాడని అంటారు. చెరిపేసిన మెసేజ్ ఇంకా అలాగే ఉంది. రుజువు వాళ్ల కళ్లముందే జరగాలి. అందుకు నాకు ఒకటే దారి తోచింది. అది బెడిసికొడితే ఆ పిల్లకు ఇంకేమీ మిగలదు.

సమావేశం ఆన్‌లైన్‌లోనే జరిగింది. నాగభూషణం గారు జిన్నింగ్ మిల్లు ఆఫీసు నుంచి, మేడం తన గది నుంచి. నాగభూషణం గారు పత్తి వ్యాపారి. జీవితంలో ఒక్కరోజు పాఠం చెప్పిన మనిషి కాదు.

“జల్దీ కానియ్యుండ్రి. కాపీ గొట్టిన్రా లేదా, గంతే గద?” అన్నారు.

“ఒక్క మాటండీ,” అన్నాను. “తీర్పు చెప్పేముందు మీరిద్దరూ, నేను తెర మీద చూపిస్తున్న ఆ రెండో ప్రశ్నకు జవాబు రాయండి. ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద రాసి, నేను అన్నప్పుడు కెమెరాకు చూపించండి.”

“మాకు పరీక్షాండీ?” అని మేడం కొంచెం నొచ్చుకున్నారు. అయినా కళ్లజోడు సవరించుకుని పెన్ను తీశారు.

నాగభూషణం గారు చూడగానే రాసేశారు. మేడం తెర దగ్గరికి వంగి బొమ్మను చూస్తున్నారు. సరిగ్గా ఆ క్షణంలో ఆమె చిత్రం ఆగిపోయింది. నెట్‌వర్క్. నోరు సగం తెరిచి, పెన్ను గాల్లో ఉంచి, కదలని ఫోటోలా మిగిలారు. ఆలోచించడానికి ఆమెకు ఎక్కువ సమయం దొరికితే నా పని అంతే. బొమ్మను వదిలి దారిని చూశారంటే ఎడమ అని రాసేస్తారు. అప్పుడు నేను చెప్పబోయే కారణం ఎవరికీ అక్కర్లేదు.

చిత్రం కదిలింది. ఆమె ఇంకా రాయలేదు. బొమ్మ వైపే చూస్తూ, తనకే తెలియకుండా ఎడమ చేతిని బల్ల మీంచి కొద్దిగా లేపారు. తర్వాత రాశారు.

“చూపించండి.”

నాగభూషణం గారి కాగితం మీద ‘ఎడమ’ అని ఉంది. మేడం కాగితం మీద ‘కుడి’.

“గిదేంది మేడం? చిన్న పోరగాళ్లకు గూడ తెలుస్తది గద ఎడమ అని,” అన్నారాయన.

“కాదండీ, పిల్ల మనకి ఎదురుగా…” అని మొదలుపెట్టిన మేడం మధ్యలోనే ఆగిపోయారు. తన కాగితం చూసుకున్నారు. మళ్లీ బొమ్మను చూశారు. తర్వాత తనే ఎడమ చెయ్యి పైకెత్తి, దాన్నే చూస్తూ, “ఇది నేనే నేర్పానండీ,” అన్నారు. “ముప్ఫై ఏళ్ల నుంచీ నేర్పుతున్నాను. ఎవరు సరిగ్గా ఎత్తకపోయినా ఊరుకోను.”

“అయితే ఎవరూ కాపీ గొట్టలే?” అన్నారు నాగభూషణం గారు, అంతా బోధపడక.

“కొట్టలేదండీ. నేను చెప్పింది శ్రద్ధగా విన్నారు, అంతే.”

రెండో ప్రశ్నను రద్దు చేసి, బాణం గుర్తుతో అందరికీ మళ్లీ ఇచ్చాం. తీసేసిన మెసేజ్ మాట మేడం మళ్లీ ఎత్తలేదు, మహేశ్వరి మీద ఏ మచ్చా పడలేదు. మేడం ఆమెకు స్వయంగా ఫోన్ చేశారని విన్నాను.

చెరిపేసిన మెసేజ్ సంగతి మహేశ్వరి డిప్లొమా చేతికొచ్చాక, మిఠాయి పట్టుకుని మా కొట్టుకు వచ్చినప్పుడు చెప్పింది. పక్కన సాయన్న ఉన్నాడు, ఉతికిన చొక్కాలో.

“అప్పుడు కరెంటు పోయింది సార్. జరసేపైతే టవరు గూడ పోతది. అందర్నీ జల్దీ పంపుమని చెప్పిన. కోపంల ఇంకోటి గూడ అన్న.”

“ఏమన్నావు?”

తండ్రి వంక చూసి తల దించుకుంది. “మా నాయిన బొగ్గు దించితేనే మేడం ఇంట్ల ఫ్యాను తిరుగుతది, మా ఫోన్లకు మటుకు చార్జింగు లేదు, ఆమెకేం ఎరుక అని. మేడం గూడ గ్రూపుల ఉన్నదని యాదికొచ్చి తీసేసిన.”

సాయన్న పగలబడి నవ్వాడు. “ఇన్నవా సారు? ఏడాది పోయినా సరే గాని గది చెప్పకపాయె!”

తప్పును వెతికి పట్టుకోవడాన్ని ప్రోగ్రామింగ్‌లో డీబగ్గింగ్ అంటారు. ఆ పాఠం నేను ఇప్పుడు ఈ సంఘటనతోనే మొదలుపెడతాను. ఒకడు తప్పు చేస్తే ఆ మనిషిని అడగవచ్చు. అందరూ ఎవరికి వారే ఒకే తప్పు చేస్తే, ఆ పని ఎక్కడో సరైనదే అయి ఉంటుంది. ఎక్కడ సరైనదో తెలిసేదాకా ఎవరినీ దొంగ అనకూడదు. నలభై మందికి పాఠం చెప్పి నేను నేర్చుకున్నది అది.

జాలహళ్ళి నుంచి మహేశ్వరి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పరీక్ష బొమ్మ ఇప్పుడు మార్చాం. పైకి నడిచేటప్పుడు పిల్ల మనకు వీపు చూపిస్తుంది. రెండు జడల మధ్య పుస్తకాల సంచి కనిపిస్తుంది. ఆ సంచి చూశాక ఎవరూ ఇంతవరకూ కుడివైపు తిప్పలేదు.